పేలని టార్పెడో, మోగని గంట

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పేరు పూర్తిగా పలికినవాళ్ళు ఇంతవరకూ ఇద్దరే. ఒకరు బారసాలనాడు పురోహితుడు, రెండోవాడు పెన్షన్ ఆఫీసు గుమాస్తా. ఊళ్ళో అందరికీ ఆయన టార్పెడోగారు. ఓడలరేవు రోడ్డు మీద దిగి ఆ పేరు చెబితే చాలు, ఆటోవాడు ఇంకేమీ అడగకుండా తీసుకెళ్ళి ఇంటి ముందు దింపుతాడు. దింపుతూ, "ఎక్కువసేపు కూర్చోకండేం" అని ఒక సలహా కూడా ఉచితంగా ఇస్తాడు.

ఆయన విశాఖపట్నంలో నేవీ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. రిటైరై ఊరికొచ్చాక, ఆ ముప్పై నాలుగేళ్ళూ ఏం చేశారన్నది ఏడాదికి కొంత చొప్పున పెరుగుతూ వచ్చింది. మొదటి ఏడు "టార్పెడోల సెక్షన్‌లో ఉండేవాణ్ణి" అన్నారు. రెండో ఏటికి "టార్పెడోలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి" అయింది. ఐదో ఏడు వచ్చేసరికి, ఈయన ఊఁ అనకపోతే బంగాళాఖాతంలో జలాంతర్గామి మునిగేదీ కాదు, తేలేదీ కాదు. నిజానికి ఆయన ఉన్నది పనిముట్ల గదిలో. ఫిట్టరు వచ్చి ఇత్తడి బిళ్ళ ఇస్తే దాన్ని మేకుకి తగిలించి పానా ఇవ్వడం, సాయంత్రం పానా తీసుకుని బిళ్ళ తిరిగివ్వడం. పానా ఒకటి యంత్రం లోపల మర్చిపోతే ఏమవుతుందో తెలిసినవాడికి అది చిన్న పనేమీ కాదు, గౌరవమైన పనే. కాని టార్పెడోగారికి ఆ గౌరవం చాల్లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన పేలిన టార్పెడోని ఒక్కదాన్ని కూడా కళ్ళారా చూడలేదు. ఇంట్లో భార్య మహాలక్ష్మమ్మ గారి ప్రెషర్ కుక్కరు మాత్రం ఒకసారి పేలింది. అప్పుడు కూడా ఆయన బజారుకి వెళ్ళి ఉన్నారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మనిషి చదివాడు. పానాలు ఇచ్చి పుచ్చుకునే మధ్య ఖాళీలో, రెండో ప్రపంచ యుద్ధంలో ఏ దేశం వాళ్ళు సముద్రం అడుగునుంచి ఏం వదిలారో, అది ఎంత దూరం పోయిందో, పేలిందో తుస్సుమందో, అంతా చదివి బుర్రలో పెట్టుకున్నాడు. ఆ బుర్రని ప్రతి ఉదయం ఎనిమిది గంటలకి అబ్బులు కాఫీ హోటల్లో బెంచీ మీద బోర్లించేవాడు. నాలుగు గ్లాసులు వరసగా పెట్టుకుని మొదలుపెడితే, ఆ గ్లాసులు కడగడానికి అబ్బులుకి తిరిగి దొరికేసరికి పది దాటేది.

"ఇది జపాను వాడిదండి. ఉత్త ఆక్సిజన్ మీద నడుస్తుంది. నీటి మీద బుడగల చార కనపడదు, నాలుగువందల కిలోల మందు, తగిలిందంటే ఓడ రెండు ముక్కలే. బలంలో దీన్ని మించింది లేదు. ఇది జర్మనీ వాడిది. కరెంటుది. చప్పుడు చెయ్యదు గాని నడక నెమ్మది. పైగా నార్వే దగ్గర యుద్ధంలో, ఎదురుగుండా ఓడ పెట్టుకుని కూడా పేలకుండా పరువు తీసింది. ఇది ఇంగ్లీషు వాడిది. పాతకాలపుది, హంగూ ఆర్భాటం లేదు, చెప్పిన పని చేస్తుంది. ఇకపోతే ఇది..." అంటూ నాలుగో గ్లాసుని వేలితో ఒక్క నెట్టు నెట్టేవారు. "ఇది అమెరికా వాడిది. చూడ్డానికి పెళ్ళికొడుకు, పనికొచ్చేసరికి సున్నా. బలం వేరండి, నమ్మకం వేరు."

ఆ నాలుగో గ్లాసు అంటేనే ఆయనకి ప్రాణం. దాన్ని తిట్టడంలో ఉన్న హాయి జపాను వాడిని పొగడ్డంలో లేదు. ఆ టార్పెడో చెప్పిన లోతు కంటే పది పదకొండడుగులు కిందనుంచి ఓడని దాటిపోయేది. తయారుచేసిన ఆఫీసువాళ్ళు ఖరీదైన సరుకని నిజంగా పేల్చి చూసింది దాదాపు లేదు. సముద్రంలో ప్రాణాలకి తెగించి పోయిన కెప్టెన్లు "మీ టార్పెడో పేలట్లేదు మొర్రో" అంటే, "టార్పెడో బాగానే ఉంది, మీకే గురి చూడ్డం రాదు" అని ఆఫీసునుంచి జవాబు. ఇక్కడికి వచ్చేసరికి టార్పెడోగారు బల్లగుద్దేవారు.

"వాడేవాడి మీద తోసెయ్యడమండి! తప్పు సరుకులో పెట్టుకుని, వాడినవాణ్ణి చేతకానివాణ్ణి చెయ్యడం! ఇంతకంటే పాపం ఉందాండీ?"

"ఆయ్" అనేవారు అందరూ, కాఫీ చల్లారిపోతోందన్న బెంగతో.

ఇంత తెలిసిన మనిషి ఊరికే ఎలా కూర్చుంటాడు? ఒక యంత్రం చేశాడు. కరెంటు ఉన్నంతసేపూ నోరు మూసుకుని ఉండి, పోయిన మరుక్షణం బ్యాటరీ మీద గణగణమని మోగే గంట. రొయ్యల చెరువులున్న ఊళ్ళో ఇలాంటిది ఎవరికి వద్దు? చెరువులో గాలి కొట్టే చక్రాలు ఆగితే, మబ్బు పట్టిన రోజున రొయ్య గంటసేపు కూడా ఆగదు. ఆలోపు ఎవరో ఒకరు పరుగెత్తి జనరేటరు వెయ్యాలి.

గంటని ఇంట్లోనే పరీక్షించారు. మహాలక్ష్మమ్మ గారు ప్లగ్గు పీకేవారు, ఆయన చెవులు మూసుకునేవారు. పదకొండుసార్లు పీకితే పదకొండుసార్లూ మోగింది. అది విని రెండు చెరువుల ఆసామి పాపారావు వచ్చాడు. తన వెనక చెరువు కొబ్బరితోటకి అవతల ఉంటుంది, కాపలా మకాంలోంచి కనపడదు, దానికి ఈ గంట కట్టండి అన్నాడు. మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, ఆ చెరువు గట్టు మీది కరెంటు పెట్టెలో, బల్బు వైరు పక్కనే గంట వైరు కలిపారు. ఒకసారి కరెంటు ఆపి చూద్దామా అని ఎవరో అన్నారు. ముహూర్తం వేళ కరెంటు తియ్యడమేమిటి, అశుభం, పైగా రొయ్య ఇబ్బంది పడుతుంది అన్నాడు పాపారావు. "ఇంట్లో పదకొండుసార్లు మోగిందండీ" అన్నారు టార్పెడోగారు. అందరూ కొబ్బరిముక్కలు తిని వచ్చేశారు.

ఆ చెరువుల కాపలా సుందరిది. ముప్పై అయిదేళ్ళ మనిషి, భర్త కువైట్‌లో డ్రైవరు. మూడేళ్ళుగా పావుగంటకోసారి తోట దాటి వెళ్ళి వెనక చెరువు చూసి వచ్చేది. గంట పెట్టాక పాపారావు, "ఇంక నువ్వు తిరగక్కర్లేదు, ఆ టైములో ముందు చెరువుకి మేత చల్లు" అని చెప్పి మేత చల్లే మనిషిని మాన్పించేశాడు. టార్పెడోగారి గంట వల్ల మొట్టమొదట లాభం పొందినవాడు పాపారావు.

శ్రావణంలో ఒక ముసురు పట్టిన పొద్దున్న, సుందరి తెప్ప మీద ముందు చెరువులో మేత చల్లుతోంది. గంట మోగలేదు. మేత అయ్యాక, ఏదో మనసు పీకి, తోట దాటి వెళ్ళింది. వెనక చెరువులో చక్రాలు ఆగి ఉన్నాయి. రొయ్యలు గట్టు అంచుకి వచ్చి తేలుతున్నాయి. గట్టు పొడుగునా కొంగలు బారులు తీరి ఉన్నాయి. పరుగెత్తి జనరేటరు వేసింది గాని, సగం పైగా చెరువు పోయింది.

పాపారావు వచ్చాడు, టార్పెడోగారు వచ్చారు, ఊరూ వచ్చింది. సుందరి ఏడవలేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది.

"గంట మోగలేదండి. పెట్టె దగ్గర బల్బు కూడా వెలుగుతూనే ఉందండి. చక్రాలొక్కటే ఆగిపోయేయండి."

"బల్బు వెలుగుతుంటే కరెంటు ఉన్నట్టే కదమ్మా!" అన్నారు టార్పెడోగారు. "కరెంటు ఉంటే చక్రాలెందుకు ఆగుతాయి? నువ్వు చెప్పేది నీకైనా అర్థమవుతోందా?"

అబ్బులు వెనకనుంచి మెల్లిగా అన్నాడు. "మూడు ఫేజుల్లో ఒకటి పోయిందేమోనండి. మా హోటల్లో గ్రైండరు ఆగిపోతుందండి, లైట్లు వెలుగుతూంటాయండి."

టార్పెడోగారి గుండెలో ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. ఆయన దాన్ని అక్కడే తొక్కేశారు. "ఫేజుల సంగతి నా గంటకి తెలుసయ్యా. నువ్వు నీ గ్రైండరు సంగతి చూసుకో. గంట మోగే ఉంటుంది. పొద్దున్నే ముసురు, చల్లగా ఉంది, మనిషన్నాక కన్ను మూతపడుతుంది. తప్పు కాదమ్మా, ఒప్పుకుంటే పోతుంది."

సుందరి ఒప్పుకోలేదు. ఆ సాయంత్రానికే ఆమె పని పోయింది. తిరగొద్దన్నది తనే అన్న మాట పైకి రాకుండా పోయినందుకు పాపారావు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మర్నాటి నుంచి ఓడలరేవు నుంచి ఐ.పోలవరం దాకా ఆమెని ఏ చెరువు వాళ్ళూ కాపలాకి పెట్టుకోలేదు. "నిద్రపోయే సుందరా? వద్దు బాబోయ్" అనేవారు. ఆ మాట ఫోన్లో కువైట్ దాకా పోయింది. భర్త, "నిద్రొస్తే ఎవరికైనా చెప్పాల్సింది కదా" అన్నాట్ట. ఊరు అన్నదానికంటే ఆ మాటకి ఎక్కువ కుంగిపోయింది సుందరి.

"ఆ పిల్ల నిద్రపోవడం మీరు చూశారా?" అని ఇంట్లో మహాలక్ష్మమ్మ గారు అడిగారు.

"గంట మోగకపోవడం అసంభవం."

"అంటే చూళ్ళేదన్నమాట" అని ఆవిడ పప్పు గిన్నె ఆయన ముందుకి జరిపి లేచిపోయారు.

సుందరికి చివరికి పనిచ్చింది అబ్బులు ఒక్కడే. పిండి రుబ్బడం, గ్లాసులు కడగడం, బల్లల దగ్గరికి కాఫీ అందించడం. దాంతో, మూడేళ్ళు చెరువుగట్టు మీద ఉండి తప్పించుకున్న టార్పెడోల చరిత్రంతా ఆమె చెవిన పడడం మొదలైంది. టార్పెడోగారికి మొదట్లో కొంచెం ఇబ్బందిగా అనిపించింది. కాని శ్రోత ఎవరైనా శ్రోతే కదా. పైగా ఈ శ్రోతకి లేచి వెళ్ళే వీల్లేదు.

చెరువు పోయి ఇరవై రోజులు గడిచాక ఒక పొద్దున్న ఆయన వల కథ ఎత్తుకున్నారు. అది ఆయన కథలన్నిట్లోకీ మంచిది. ఆస్ట్రేలియా తీరంలో అమెరికా నావికులు విసిగిపోయి, అక్కడి జాలర్ల దగ్గర ఒక వల కొని, సముద్రంలో కట్టి, దాని మీదకి టార్పెడోలు వదిలారు. వల పైకి తీసి చిల్లు ఎంత లోతున పడిందో కొలిచారు. పదకొండడుగులు తేడా!

"మరి ఆఫీసువాళ్ళు తయారుచేసేటప్పుడు కొలిచి చూసుకోలేదాండీ?" అడిగింది సుందరి, గ్లాసులు తీస్తూ. ఆమె ఆయన్ని ప్రశ్న అడగడం అదే మొదలు.

టార్పెడోగారు ఉబ్బిపోయారు. "చూసుకున్నారమ్మా, అదే కదా తమాషా! లోతు చూసే పరికరం టార్పెడోలో ఏ తప్పుతో ఉందో, దాన్ని పరీక్షించే పరికరం కూడా అదే తప్పుతో ఉంది. రెండూ ఒకేచోట తప్పాయి. అంచేత ఒకదాన్నొకటి చూసుకుని అంతా సవ్యంగానే ఉందనుకున్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు..."

ఆయన ఆగిపోయారు. గంట వైరు, బల్బు వైరు. పక్కపక్కనే. ఒకే ఫేజు మీద. బల్బు వెలుగుతూనే ఉందండి.

"పక్కపక్కనే ఉన్న రెండు ఏంటండీ?" అన్నాడు అబ్బులు.

"ఇంగ్లీషు వాడి టార్పెడో మాత్రం అలా కాదండి" అని ఆయన మూడో గ్లాసు అందుకోబోయారు. చేతికొచ్చింది నాలుగోది. బల్ల తుడుస్తున్న సుందరి ఆ చేతినే చూసింది.

ఆ మధ్యాహ్నం ఆయన పాపారావు వెనక చెరువుకి వెళ్ళారు. కొత్త కాపలా మనిషిని నీళ్ళకి పంపించి, పెట్టె తెరిచి, మూడు ఫ్యూజుల్లో ఒకదాన్ని లాగేశారు. చక్రాలు ఆగాయి. బల్బు వెలుగుతూనే ఉంది. గంట నోరు విప్పలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషికి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

ఇంతవరకూ వస్తే మనిషి మారిపోయాడని మనం అనుకోవచ్చు. లేదు. ఆయన ఫ్యూజు తిరిగి పెట్టి, మర్నాడు అమలాపురం బస్సెక్కి కావలసిన సామాను కొనుక్కొచ్చి, గంటకి మూడు ఫేజుల నుంచీ మూడు వైర్లు కట్టారు. ఇప్పుడు ఏ ఒక్కటి పోయినా మోగుతుంది. పాపారావు అడిగితే "మెయింటెనెన్సు" అన్నారు. తరవాత రెండు వారాల్లో రెండుసార్లు ఒక ఫేజు పోవడం, రెండుసార్లూ గంట ఊరు దద్దరిల్లేలా మోగడం, చెరువు దక్కడం జరిగాయి. టార్పెడోగారి పేరు మోగిపోయింది. తప్పు దిద్దాం కదా, ఇంకేమిటి అని తనకి తను నచ్చజెప్పుకున్నారు. రాత్రి అన్నం మాత్రం సగంలో లేచిపోతున్నారు. మహాలక్ష్మమ్మ గారు ఏమీ అడగకపోవడం ఆయనకి మరీ కష్టంగా ఉంది.

ఒకనాటి పొద్దున్న పాపారావు ఐ.పోలవరం నుంచి ఇద్దరు చెరువుల ఆసాములని వెంటబెట్టుకుని హోటలుకి వచ్చాడు. వాళ్ళకీ అలాంటి గంటలే కావాలి. టార్పెడోగారిని మధ్యలో కూర్చోబెట్టి, ఈయన లేకపోతే నా చెరువు రెండుసార్లు పోయేదండి అని పాపారావు చెబుతుంటే, ఆయన వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ ఎంతో హాయిగా వింటున్నారు. వాళ్ళలో ఒకాయన యుద్ధంలో టార్పెడోల సంగతేదో చెప్పండి, మీ నోట వినాలని ఉంది అన్నాడు. ఇంక అడగాలా?

ఆయన ఆగిపోయిన ఓడ కథ చెప్పారు. ఒక అమెరికా కెప్టెను పెద్ద జపాను నూనె ఓడని ఆపేశాడు. అది కదలదు, మెదలదు. తీరిగ్గా గురి చూసి ఒక్కొక్కటే వదిలాడు. మొత్తం పదిహేను. పదకొండు తగిలి కూడా పేలలేదు. గురి ఎంత తిన్నగా ఉంటే లోపలి సూది అంత నలిగిపోయి పేలడం మానేసింది. అంటే పని ఎంత బాగా చేస్తే అంత చెడ్డపేరు! "అప్పుడాయన ఏం చేశాడో తెలుసాండీ? చివరిదాన్ని వదల్లేదు. దాన్ని ముట్టుకోకుండా ఓడలో వేసుకుని తిరిగొచ్చి, ఇదుగో మీ టార్పెడో, విప్పి చూసుకోండి అని పైవాళ్ళ ముందు పెట్టాడు."

సుందరి కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"మీ గంటకి ఇప్పుడు మూడు వైర్లు కట్టేరంటండి. కొత్త కాపలా ఆయన టీకి వచ్చినప్పుడు చెప్పేడండి. ఇదివరకు ఒకటే ఉండేది కదండీ?"

"అది... ఇంప్రూవ్‌మెంటమ్మా" అన్నారు టార్పెడోగారు.

"ఆయ్. ఇదివరకటి దానికి ఒక ఫేజు పోతే మోగేదాండి?"

పాపారావు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. టార్పెడోగారి నోట్లోకి ఎన్నో మాటలు వచ్చాయి. వోల్టేజి అనొచ్చు, తేమ అనొచ్చు, గాలివాన అనొచ్చు, ఈమెకి అర్థం కాని ఇంగ్లీషు ముక్క ఏదైనా అనొచ్చు. ఆఫీసువాళ్ళు అన్న మాటలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఏళ్ళ తరబడి వాటినే కదా వెక్కిరించింది.

"మోగేది కాదు" అన్నారు.

ఎవరికీ వినపడలేదేమోనని మళ్ళీ అన్నారు. "మోగేది కాదమ్మా. నేను చెరువు దగ్గర పరీక్షించలేదు. ఇంట్లో ప్లగ్గు పీకి చూశాను, అంతే. నువ్వు నిద్రపోలేదు. నువ్వు చెప్పిందంతా నిజం. నాకు తెలిసీ ఊరుకున్నాను."

"తెలిసీనా?" అన్నాడు అబ్బులు, ఉండబట్టలేక.

"తెలిసే. ఇరవై రోజులైంది."

ఐ.పోలవరం ఆసాములు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాపారావు క్యాలెండరు వదిలి, "ఆ మాట ముందే చెప్పాలి కదండీ" అని గట్టిగా అని, సుందరి వైపు తిరిగి, "రేపట్నించి పన్లోకి వచ్చెయ్యమ్మా" అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

"ఆలోచించుకుని చెబుతానండి" అంది సుందరి. "మీరు తిరగొద్దన్న మాట కూడా వీళ్ళందరి ముందూ చెప్పేక."

పాపారావుకి అర్జెంటుగా ఎక్కడికో ఫోన్ చేయవలసి వచ్చింది, బయటికి నడిచాడు. ఆసాముల్లో పెద్దాయన మాత్రం కాఫీ పక్కన పెట్టి, "మా చెరువుకి కాపలా మనిషి కావాలమ్మా. గంట లేకపోయినా ఫర్వాలేదు" అన్నాడు.

టార్పెడోగారు తల ఎత్తలేదు. సుందరి ఆయన ముందున్న గ్లాసు ముట్టుకుని చూసింది. చల్లారిపోయింది. దాన్ని తీసేసి, లోపలికెళ్ళి వేడిది తెచ్చి పెట్టింది.

"ఆ టార్పెడోలో తప్పుందని ఆఫీసువాళ్ళు పూర్తిగా ఒప్పుకోడానికి ఎన్నాళ్ళు పట్టిందన్నారండి?"

"సుమారు ఇరవై ఒక్క నెలలు" అన్నారాయన, గ్లాసులోకి చూస్తూ.

"మీరు నలభై ఒక్క రోజుల్లో ఒప్పుకున్నారండి. నేను లెక్కపెట్టేను" అంది సుందరి. "వాళ్ళకంటే మీరే నయమండి. కాఫీ తాగండి."